తిప్పతీగకు తెలియని కొలతలు

పడమర నల్లమల, తూర్పున వెలిగొండలు. ఆ రెండు కొండల వరసల నడుమ, గిద్దలూరు నుంచి పోరుమామిళ్ల పోయే దారిలో ఉంటుంది కొమరోలు. ఇక్కడి పల్లెల్లో తిప్పతీగను డబ్బు పెట్టి కొనాల్సిన పని లేదు. కంచెల మీద, గట్టు మీది వేపచెట్ల మీద అదే అల్లుకుంటుంది. వేపకు పాకిన తీగే మేలని పెద్దవాళ్లు ఏరి మరీ కోసుకొస్తారు. వానలు పడి రొంపలు, చలిజ్వరాలు మొదలయ్యాయంటే బొటనవేలంత లావు తీగముక్కలు దంచి, నాలుగు మిరియాలు, ఒక శొంఠికొమ్ము, గుప్పెడు తులసాకు వేసి, గిన్నెడు నీళ్లు సగమయ్యేదాకా మరగకాస్తారు. బెల్లంముక్క చేతిలో పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్క గుక్కలో మింగేస్తారు. కరోనా తర్వాత ఈ అలవాటు మరింత బలపడింది. ఫ్లూ టీకా సంగతి ఎత్తితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: “నిరుడు వానాకాలమంతా కషాయం తాగాం. ఇంట్లో ఒక్కరికీ జ్వరం రాలేదు. ఇంక సూది ఎందుకు?”

వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కషాయం తాగారు, జ్వరం రాలేదు, రెండూ నిజమే. తాగినందువల్లే రాలేదా అన్నదే తేలాల్సిన సంగతి.

రాని జ్వరానికి సాక్షులెందరో

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా పెద్దవాళ్లలో నూటికి 5 నుంచి 10 మందికి, పిల్లల్లో 20 నుంచి 30 మందికి ఫ్లూ సోకుతుంది. ఈ లెక్కను తిరగేసి చదవండి. నూరుమంది పెద్దవాళ్లున్న వీధిలో ఏ మందూ మాకూ లేకపోయినా 90 మందికి పైగా ఆ ఏడాది ఫ్లూ బారిన పడరు. అందరిచేతా రోజూ కషాయం తాగిస్తే ఆ 90 మందీ కషాయాన్ని మెచ్చుకుంటారు. కషాయం బదులు గోలీసోడా తాగిస్తే సోడాను మెచ్చుకుంటారు. జ్వరంతో మంచం పట్టిన నలుగురి మాట ఎవరూ అడగరు. అడిగినా “మధ్యలో మానేసి ఉంటాడు”, “పథ్యం చేసి ఉండడు” అని సర్దిచెప్పుకుంటాం.

ఇంకో చిక్కు ఉంది. ముక్కు కారి ఒళ్లు వెచ్చబడితే చాలు, ఫ్లూ అనేస్తాం. కానీ జలుబు తెచ్చే వైరస్‌లు వందల్లో ఉన్నాయి. ఒక్క రైనోవైరస్‌లలోనే 150కి పైగా రకాలున్నాయి. వాటిలో ఏదో ఒకటి సోకి మూడు రోజుల్లో తగ్గిపోతే, కషాయం ఫ్లూను తరిమికొట్టిందన్న పేరు దక్కుతుంది. అసలు ఫ్లూ కూడా ఆరోగ్యవంతుల్లో చాలామందికి వారంలో తనంతట తానే దిగిపోతుంది. మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మనవాళ్లు వేళాకోళమాడేది అందుకే.

నిజం తేలాలంటే దారి ఒక్కటే. కొన్ని వందలమందిని చీటీలు తీసి రెండు జట్లు చెయ్యాలి. ఒక జట్టుకు కషాయం, రెండో జట్టుకు అదే రంగు, అదే చేదు ఉన్న ఉత్తనీళ్లు ఇవ్వాలి. ఎవరికేది అందిందో తాగినవాళ్లకూ తెలియకూడదు, లెక్క రాసేవాళ్లకూ తెలియకూడదు. జ్వరం వచ్చిన ప్రతివాళ్ల ముక్కులోంచి నమూనా తీసి, అది ఫ్లూ అవునో కాదో ల్యాబులో తేల్చి, చివర్లో రెండు జట్లనూ పోల్చాలి. ఫ్లూ రాకుండా అడ్డుకుంటుందని ఇలాంటి పరీక్షల్లో గట్టిగా నిలబడిన కషాయం ఇప్పటిదాకా లేదు.

బాక్స్: రొంపా, ఫ్లూనా?

రొంప నెమ్మదిగా వస్తుంది. తుమ్ములు, ముక్కు కారడం, గొంతు గరగర దాని గుర్తులు. పని సాగుతూనే ఉంటుంది. ఫ్లూ ఒక్కసారిగా పడేస్తుంది. పొద్దున చేలో ఉన్న మనిషి సాయంత్రానికి దుప్పటి కప్పుకుంటాడు. గట్టి జ్వరం, ఒళ్లంతా నలగ్గొట్టినట్టు నొప్పులు, తలనొప్పి, పొడిదగ్గు ఉంటాయి. నీరసం రెండు వారాలు కూడా వదలకపోవచ్చు. ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మనిషి మగతగా మాట తడబడుతున్నా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా, పసిబిడ్డ పాలు మానేసినా ఇంట్లో ఏ చిట్కాలూ వద్దు, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఆది ఇవ్వకుండా జాకెట్టు కుట్టమంటే

ఫ్లూ వైరస్ మిల్లీమీటరులో పదివేలో వంతు ఉంటుంది. దాని ఒంటినిండా రెండు రకాల ముళ్లుంటాయి. మొదటిరకం ముల్లు మన ముక్కు, గొంతు, ఊపిరిగొట్టాల లోపలిపొర మీదున్న కణాలను పట్టుకుంటుంది. ఆ పట్టు దొరికితే వైరస్ కణం లోపలికి దూరి, కణం చేతనే తన నకళ్లు తయారుచేయించుకుంటుంది. కొద్ది గంటల్లోనే కొత్త వైరస్‌లు వెలికొస్తాయి. అవి కణానికి అంటుకుపోకుండా తెంచి పంపడం రెండోరకం ముల్లు పని. సోకిన ఒకటి నుంచి నాలుగు రోజుల్లో మనిషి మంచమెక్కుతాడు.

శరీరం ఊరుకోదు. మొదటి గంటల్లో వచ్చినవాడెవడని చూడకుండా ఎదురు తిరుగుతుంది. జ్వరం, ఒళ్లునొప్పులు చాలావరకు ఆ పెనుగులాట ఫలితమే. వైరస్‌ను పేరుపెట్టి పట్టుకునే యాంటీబాడీలు తయారవడానికి మాత్రం, కొత్త వైరస్ అయితే వారం పైనే పడుతుంది. ఫ్లూ రెండు రోజుల్లో పని మొదలుపెడుతుంది, యాంటీబాడీ వారం దాటాక వస్తుంది. జబ్బంతా ఆ నడుమ రోజుల్లోనే.

ఆ ఆలస్యం ఒంట్లో బలం చాలక కాదు, కొలత తెలియక. జాకెట్టు కుట్టమని ఇచ్చేటప్పుడు పాత జాకెట్టు ఒకటి ఆదికి ఇస్తాం కదా. టైలరు ఎంత పనిమంతుడైనా, మిషను ఎంత కొత్తదైనా, గుడ్డ ఎంత ఖరీదైనదైనా, ఆది లేకుంటే అందాజుగా కత్తిరించి, తొడిగి చూసి, విప్పి, మళ్లీ కుట్టాలి. యాంటీబాడీ కూడా అంతే, వైరస్ ముల్లు వంపుకు సరిగ్గా అతకాలి. మన రక్తంలో లక్షలకొద్దీ వేరువేరు ఆకారాల తెల్లకణాలు సిద్ధంగా ఉంటాయి. వాటిలో ఆ వంపుకు కాస్త దగ్గరగా ఉన్నది దొరకాలి, అది వేలల్లోకి పెరగాలి, పెరుగుతూ తన పట్టును సవరించుకోవాలి. టీకా చేసేదల్లా ఆది ముందే ఇవ్వడం. చచ్చిన వైరస్ ముక్కలను చేతికండలోకి పంపితే, జబ్బు లేకుండానే ఈ తంతు జరిగిపోయి రెండు వారాల్లో యాంటీబాడీలు సిద్ధమవుతాయి. బతికిలేని ముక్కలు గనుక టీకా వల్ల ఫ్లూ వచ్చే అవకాశమే లేదు. ఒకరోజు చెయ్యి సలపవచ్చు, ఒళ్లు కాస్త వెచ్చబడవచ్చు.

ఇప్పుడు కషాయం గిన్నెలోకి చూడండి. తిప్పతీగలో చేదు ఉంది, మిరియాల్లో ఘాటు ఉంది, తులసిలో వాసననూనెలున్నాయి. ఈ ఏటి వైరస్ ముల్లు ఎలా వంగి ఉందన్న సమాచారం మాత్రం వాటిలో ఏ మూలా లేదు. ఉండే వీలూ లేదు. పసుపు ఎంత గొప్పదైనా దానికి వైరస్‌తో ముఖపరిచయం లేదు. మూలికను తక్కువచేసే మాట కాదిది. తినే తిండి గురించి చెప్పినా ఇదే మాట.

గాజుగిన్నెలో గెలిచి, ఒంట్లో ఓడి

“పసుపు వైరస్‌ను చంపుతుందని శాస్త్రవేత్తలే తేల్చారు” అని వాట్సాప్‌లో తిరిగే వార్తలు ఉత్తవి కావు. ల్యాబులో గాజుగిన్నెలో కణాలు పెంచి, వైరస్ వదిలి, దాని మీద పసుపులోని కర్కుమిన్‌ను పోసి చూస్తే వైరస్ వెనకడుగు వేసిన దాఖలాలున్నాయి. ఆ గిన్నెలో సబ్బునీళ్లు పోసినా వైరస్ చస్తుంది. నోటి ద్వారా మింగిన కర్కుమిన్‌లో రక్తంలోకి చేరేది బహు స్వల్పం. పేగులు, కాలేయం దాన్ని దారిలోనే విరగ్గొట్టి బయటికి పంపేస్తాయి. గాజుగిన్నెలో వాడినంత మోతాదు ఊపిరితిత్తుల పొర దాకా చేరే మార్గం లేదు.

చేదుకు పేరుమోసిన నేలవేము సంగతి కాస్త మెరుగు. దాని సారంతో జరిగిన కొన్ని పరీక్షల్లో దగ్గు, గొంతునొప్పి త్వరగా నెమ్మదించినట్టు కనిపించింది. అయితే ఆ పరీక్షల్లో చాలావాటి నాణ్యత అంతంతమాత్రం. పైగా అవన్నీ జబ్బు వచ్చాక ఉపశమనం గురించినవి, రాకుండా ఆపడం గురించినవి కావు. నల్లమల ఉసిరికాయలో దండిగా ఉండే సి విటమిన్‌దీ ఇంచుమించు ఇదే కథ. రెండుసార్లు నోబెల్ అందుకున్న లైనస్ పాలింగ్ 1970లో పుస్తకం రాసి మరీ దాన్ని జలుబుకు విరుగుడన్నాడు. ఆ తర్వాత దశాబ్దాల పరీక్షలను కూడి చూస్తే, రోజూ మాత్ర వేసుకున్నా మామూలు జనానికి జలుబు రావడం తగ్గలేదు. వచ్చిన జలుబు పెద్దవాళ్లలో 8 శాతం మేర తొందరగా తగ్గింది, అంటే వారం జలుబులో అరరోజు.

“ఇమ్యూనిటీ పెంచుతుంది” అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. రోగనిరోధక వ్యవస్థ అతిగా రెచ్చిపోవడం వల్లే ఉబ్బసం, ఎలర్జీలు, కీళ్లవాతం లాంటివి వస్తాయి. దాన్ని ఊరికే ఎగదోయడం మంచిదన్న భరోసా ఏమీ లేదు. 2020 చివర్లో ముంబైలో కాలేయం వాచి ఆస్పత్రికి వచ్చిన ఆరుగురి వివరాలను వైద్యులు 2021లో ప్రచురించారు. అందరూ కరోనా రాకుండా ఉండాలని తిప్పతీగ వాడుతున్నవాళ్లే. మరుసటి ఏడు దేశంలోని పలు ఆస్పత్రులు కలిసి అలాంటి 43 మంది వివరాలు బయటపెట్టాయి. చాలామందిలో శరీరం సొంత కాలేయం మీదే దాడి చేస్తున్న ఆనవాళ్లున్నాయి. వాళ్లు వాడింది అసలు తిప్పతీగేనని రుజువేమిటి, దాన్ని పోలిన వేరే తీగ కావచ్చు కదా అని ఆయుష్ మంత్రిత్వ శాఖ అభ్యంతరం చెప్పింది. ఆ అభ్యంతరం సరైనదే అనుకున్నా మనకు ఊరట లేదు. కంచె మీద కోసుకొచ్చిన తీగ ఏదో, మన వంటింట్లో పోల్చి చెప్పేదెవరు?

ఆవిరి పట్టడం గురించి ఒక్కమాట. ముక్కు దిబ్బడ వదులుతుంది, హాయిగా ఉంటుంది. కణాల్లోకి దూరిన వైరస్‌ను మాత్రం ఆ వేడి అంటుకోదు. అంటుకునేంత వేడైతే ముందు కాలేది మన ముక్కే. మసిలే నీళ్లగిన్నె దగ్గర పిల్లల్ని దుప్పటి కింద కూర్చోబెట్టడం ఒళ్లు కాల్చుకోవడానికి దగ్గరిదారి.

కృష్ణపట్నం దారిలో కార్లు

ఈ ప్రాంతంవాళ్లకు కళ్లముందే జరిగిన ఉదాహరణ ఉంది. అది ఫ్లూ గురించి కాదు, కరోనా గురించి. ప్రశ్న మాత్రం ఇదే. 2021 మే నెల, రెండో అల ఉధృతంగా ఉన్న రోజులు. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో బొనిగి ఆనందయ్య ఉచితంగా ఇస్తున్న మూలికల మందు కోసం మే 21న వేలమంది విరగబడ్డారు. అంబులెన్సుల్లోనూ వచ్చారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి మందును పరిశీలనకు పంపింది. మే 31న కంటిచుక్కలు మినహా మిగతా వాటికి అనుమతి ఇచ్చింది. అప్పుడు నిపుణులు చెప్పిన మాట రెండు ముక్కలు. హాని కలిగించే పదార్థాలు కనిపించలేదన్నది ఒకటి, కరోనాను తగ్గిస్తుందనేందుకు ఆధారం లేదన్నది రెండోది. జనం మొదటిది మాత్రమే విన్నారు. “ప్రభుత్వమే ఒప్పుకుంది” అన్న మాటే ఊరూరా తిరిగింది.

హాని లేదనడం వేరు, పనిచేస్తుందనడం వేరు. మందు తీసుకున్నవాళ్లను అడిగి వివరాలు రాసుకున్నంత మాత్రాన రెండోది తేలదు. మందు తీసుకోని జట్టు పక్కన లేదు. కోలుకున్నవాళ్లు ఉత్సాహంగా చెబుతారు, పోయినవాళ్లు చెప్పలేరు. అయినా ఆనాటి జనాన్ని అమాయకులనబుద్ధి కాదు. ఆస్పత్రిలో మంచం లేదు, ఆక్సిజన్ లేదు, టీకా కోసం పడిగాపులు. ఎవరో ఒకరు చెయ్యి చాచి ఏదో ఒకటి ఇస్తున్నారంటే ఎవరైనా పరుగెత్తుతారు.

బిర్యానీలోంచి వచ్చిన ఫ్లూ మాత్ర

మొక్కల్లో ఫ్లూకు మందే లేదా అంటే, ఉంది. మన మసాలా డబ్బాలోనే. మన దేశంలో తొలి స్వైన్‌ఫ్లూ కేసు బయటపడింది హైదరాబాద్‌లోనే, 2009 మే 16న, అమెరికా నుంచి వచ్చిన ఒక ప్రయాణికుడికి. ఆ జబ్బుకు వాడిన మాత్ర ఒసెల్టామివిర్, అందరికీ తెలిసిన పేరు టామీఫ్లూ. ఆ మాత్ర తయారీకి మొదటి సరుకు షికిమిక్ ఆమ్లం. అది దండిగా దొరికేది బిర్యానీలో వేసే అనాసపువ్వులో. స్విట్జర్లాండ్ కంపెనీ రోష్ దగ్గర లైసెన్సు తీసుకుని హైదరాబాద్‌లోని హెటిరో సంస్థ ఈ మాత్రను తయారుచేసింది.

అయితే రెండు ప్లేట్ల బిర్యానీ తింటే సరిపోదా? సరిపోదు. షికిమిక్ ఆమ్లం ఫ్లూను ఏమీ చేయలేదు. పదికి అటూఇటూగా రసాయన దశలు దాటించి, అందులో పేలిపోయే గుణమున్న పదార్థాలతో చేసే దశలు కూడా దాటించి, దాని ఆకారాన్ని మారిస్తే గానీ అది మందు కాదు. అప్పుడది వైరస్ రెండోరకం ముల్లులో ఇరుక్కుని, కొత్త వైరస్‌లు కణాన్ని తెంచుకుని పోకుండా ఆపుతుంది. జ్వరం మొదలైన 48 గంటల్లో వేసుకుంటే బాగా పనిచేస్తుంది. షికిమిక్ ఆమ్లాన్ని 1885లో మొదట వేరుచేసింది జపాన్‌లో పెరిగే అనాసపువ్వు నుంచి. షికిమి అనే ఆ మొక్క చూడ్డానికి అచ్చం మనం తినేదానిలాగే ఉంటుంది కానీ విషం.

మొక్కకూ మందుకూ మధ్య ఉన్న దూరమంతా ఈ ఒక్క పువ్వులో కనబడుతుంది. ఏ పదార్థమో తేల్చాలి, మోతాదు కట్టాలి, విషమున్న చుట్టాన్ని వేరుచేయాలి, మనుషుల మీద పరీక్షించాలి. ఆకులో ఏమీ లేదని కాదు, ఈ నాలుగు పనులూ గిన్నెలో మరగబెట్టినంత మాత్రాన జరగవు.

టీకా పోటుగాడేం కాదు

టీకా కూడా ఒకరకంగా ప్రకృతి సరుకే. ఏడెనిమిది దశాబ్దాలుగా ఎక్కువ ఫ్లూ టీకాలను పొదిగిన కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి, చంపి, శుభ్రంచేసి తయారుచేస్తున్నారు. దాని బలహీనత దాచడానికి ఏమీ లేదు. ఫ్లూ వైరస్ నకళ్లు తీసుకునేటప్పుడు తప్పులు చేస్తుంది, ఆ తప్పుల్లో ముల్లు ఆకారం కొద్దికొద్దిగా మారుతూ పోతుంది. నిరుటి ఆది ఈ ఏటికి బిగుతు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫిబ్రవరిలో ఉత్తరార్ధ గోళానికి, సెప్టెంబరులో దక్షిణార్ధ గోళానికి ఏ రకాలతో టీకా చేయాలో ఏటా రెండుసార్లు ప్రకటిస్తుంది. టీకా చేతికొచ్చేలోగా వైరస్ మళ్లీ మారితే ఆ ఏడు గురి తప్పుతుంది. బాగా కుదిరిన ఏడాదుల్లో కూడా ఫ్లూతో డాక్టరు దగ్గరకు వెళ్లే ముప్పును 40 నుంచి 60 శాతం తగ్గిస్తుంది, అంతే.

2018లో కాక్రేన్ సంస్థ పరీక్షలన్నిటినీ కూడి లెక్కగట్టింది. టీకా వేయించుకోని ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లలో వెయ్యికి 23 మందికి ఫ్లూ వస్తే, వేయించుకున్నవాళ్లలో 9 మందికి వచ్చింది. వయసు మళ్లినవాళ్లలో వెయ్యికి 60 నుంచి 24కు తగ్గింది. కషాయానికి వేసిన లెక్క దీనికీ వర్తిస్తుందని గమనించండి. “సూది వేయించుకున్నా, జ్వరం రాలేదు” అన్న ఒక్కరి సాక్ష్యానికి ఇక్కడా విలువ లేదు. 23కూ 9కీ ఉన్న తేడాకే విలువ. కషాయం పక్కన రాసుకోవడానికి అలాంటి జత అంకెలు లేవు.

ఇరవయ్యేళ్ల కుర్రవాడికి ఈ తేడా చిన్నదే. ఫ్లూ వచ్చినా వారం పడుకుని లేస్తాడు. 65 దాటినవాళ్లకు, షుగరు, ఉబ్బసం, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు, అయిదేళ్లలోపు పిల్లలకు, మార్కాపురం పలకల గనుల్లో ఏళ్లతరబడి రాతిదుమ్ము పీల్చినవాళ్లకు అలా కాదు. వాళ్లలో ఫ్లూ నిమోనియాలోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. 1918 నాటి ఫ్లూ మన దేశంలో కోటీ ఇరవై లక్షల నుంచి రెండు కోట్లమందిని పొట్టన పెట్టుకుందని అంచనా. అప్పటికి ఫ్లూ వైరస్‌నే ఎవరూ కనిపెట్టలేదు, మనుషుల్లో దాన్ని గుర్తించింది 1933లో. తులసి, శొంఠి, మిరియాలు మాత్రం అప్పుడూ ప్రతి వంటింట్లో ఉన్నాయి.

కంచె మీద ఉచితం, ఆస్పత్రిలో ఖరీదు

సూది లేకుండా ఫ్లూను తగ్గించే పనులూ ఉన్నాయి, చప్పగా ఉంటాయి గనుక వాటికి ప్రచారం లేదు. సబ్బుతో చేతులు కడగడం, జ్వరం వచ్చినవాళ్లు మాస్కు పెట్టుకుని ఒక గదిలో ఉండడం, కిటికీలు తెరవడం. బీడీ మానడం, కట్టెలపొయ్యి పొగను ఇంట్లోంచి బయటికి పంపడం. ఊపిరిగొట్టాల్లో మలినాలను పైకి నెట్టే సన్నని నూగును పొగ దెబ్బతీస్తుంది, వైరస్ పని తేలికవుతుంది. తులసి కోటకు దక్కిన గౌరవంలో పదోవంతు పొగగొట్టానికి దక్కితే బాగుండేది. జ్వరం వచ్చాక వేడివేడి మిరియాల చారుకు నాకేం అభ్యంతరం లేదు. గొంతుకు హాయి, ఒంటికి నీళ్లు, నోటికి రుచి.

అసలు అడ్డంకి నమ్మకం కంటే ఖర్చేమో. ఫ్లూ టీకా మన జాతీయ టీకాల కార్యక్రమంలో లేదు. బిడ్డకు పోలియో చుక్కలు వేసినట్టు ఆశా కార్యకర్త వచ్చి చెప్పే టీకా కాదిది. సొంత డబ్బు పెట్టుకుని వేయించుకోవాలి, అదీ ఏటేటా. తీగ కంచె మీద ఊరికే దొరుకుతుంటే, కూలికి పోయే ఇంట్లో ముసలాయనకు ఏటా ఆ ఖర్చు ఎవరు పెడతారు? కొమరోలు లాంటి చోట కషాయంతో టీకాను పోల్చి జనాన్ని తప్పుపట్టేముందు ఈ ధర సంగతి తేల్చాలి.

ఖర్చు పెట్టుకోగలవాళ్లకు తెలియాల్సింది వేళ. మన వైపు ఫ్లూ వానలతో పెరుగుతుంది. కాబట్టి అంతకు ముందే, ఏప్రిల్, మే నెలల్లో ఆ ఏటి కొత్త రకం టీకా ఏదో డాక్టరును అడిగి వేయించుకోవడం మేలు. ఆరు నెలలు నిండని పసిపిల్లలకు ఈ టీకా వేయరు. వాళ్లకు ఉన్న దారి తల్లే. గర్భిణి ఏ నెలలో వేయించుకున్నా ఆమెలో తయారైన యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరి, పుట్టాక తొలి నెలల్లో బిడ్డను కాస్తాయి.